చూడని వీడియోకు కూలి

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాము, ఓపికగా చదవండి.

మన ఆదివారం తెలుగు క్లాసు పాఠాలను వీడియో తీసి, క్రిప్టో నాణేలు ఇచ్చే సైటులో పెడదామని కుర్రవాళ్ళు గ్రూపులో రాసినారు. పెట్టినవాళ్ళకూ నాణెం, చూసినవాళ్ళకూ నాణెం. అంతవరకు మాకు అభ్యంతరం లేదు. దాని కిందనే ఇంకొకటి రాసినారు: ఇంటింటా మూలన పడిన పాత ఫోన్లు ఉన్నాయి, వాటిలో ఒక చిన్న ప్రోగ్రాము వేస్తే రాత్రంతా ఫోనే వీడియో చూస్తుంది, వచ్చేదంతా క్లాసు ఫండుకు. "ఇందులో నష్టం ఎవరికి పెద్దనాయనా?" అని అడిగినారు. మంచి ప్రశ్నే. జవాబు చెప్పకుండా వద్దంటే ముసలివాళ్ళ మొండితనం అనుకొంటారు.

2017లో డీట్యూబ్ అని ఒక వీడియో సైటు వచ్చింది. స్టీమ్ అనే బ్లాక్‌చైన్ మీద నడిచేది. అక్కడ రోజుకు పంచే నాణేలకు ఒక లెక్క ఉంటుంది, ఎవరి వీడియోకు ఎంత బలమైన ఓట్లు పడితే వాళ్ళకు అంత భాగం. పదిమందికి వండిన అన్నం అనుకోండి. పదకొండో విస్తరి దొంగతనంగా వేస్తే అన్నం పెరగదు, పదిమందికీ తలా ఒక ముద్ద తగ్గుతుంది. స్టీమ్ మీద ఈ దొంగ విస్తళ్ళు దాక్కొని కూడా రాలేదు. ఓట్లు వేసే బాట్లు బహిరంగంగా బాడుగకు దొరికినాయి. ఇన్ని నాణేలు పంపిస్తే ఇంత ఓటు. మనిషి కన్ను పడని వీడియో పైకి పోయేది, కష్టపడి తీసినవాడిది అడుగున పడేది. నష్టం ఎవరికంటే మొదట వాడికి.

అమెరికాలో ఎల్‌బీఆర్‌వై అని ఇంకొక కంపెనీ. ఒడిసీ సైటు వాళ్ళు పెట్టినదే. వీడియో చూస్తే నాణెం, కొత్తవాళ్ళను పిలుచుకొస్తే నాణెం. ఒక్కడే వంద పేర్లతో వస్తే ఏం చేయాలి? అందుకని బహుమానం కావాలంటే ఫోను నంబరో, కార్డో చూపించి నిజమైన మనిషినని నిరూపించుకోమన్నారు. ఎవరి పెత్తనమూ ఉండదని మొదలుపెట్టిన చోటనే గేటు, గేటు దగ్గర టికెట్ కలెక్టరు! (ఆ కంపెనీ మూతపడింది బాట్ల వల్ల కాదులెండి. రిజిస్టరు చేయకుండా నాణేలు అమ్మినారని అక్కడి ప్రభుత్వ సంస్థ 2021లో కేసు వేసింది, 2022లో తీర్పు వాళ్ళకు వ్యతిరేకంగా వచ్చింది. సైటు మాత్రం వేరేవాళ్ళ చేతుల్లో నడుస్తోంది.)

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు జాన్ డౌసర్ 2002లోనే దీని గురించి సిబిల్ దాడి అనే పేరుతో రాసినాడు. మనుషులను గుర్తుపట్టి ధ్రువీకరించే ఒక అధికారి లేని చోట, ఒకడే అనేకులుగా రావడాన్ని ఆపడం ఆచరణలో కుదరదని ఆయన చూపించినాడు. అంటే తలకాయలు లెక్కపెట్టి డబ్బు పంచాలంటే ఎవరో ఒకరు గుర్తింపు కార్డు అడగాలి. అడగకపోతే బాట్లు తింటాయి. అడిగితే మన ఇంటి ఆడపిల్లల నంబర్లు ఏ దేశంలోనో ముక్కూ మొహం తెలియని వాళ్ళ దగ్గర ఉంటాయి. రెండింటిలో ఏది మేలని మమ్మల్ని అడగవద్దండి.

రైల్వేలో ఉన్నవాళ్ళకు ఇది అర్థం కావడానికి బ్లాక్‌చైన్ అక్కరలేదు. తత్కాల్ కౌంటరు ముందు ఏజెంట్లు కూలికి మనుషులను నిలబెట్టడం చూసినాము. టికెట్లు ఆన్‌లైన్‌కు పోయినాక కూలివాడి బదులు సాఫ్ట్‌వేరు నిలబడింది. బుకింగు తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాలలో సగం దాకా బాట్లవేనని 2025లో రైల్వే శాఖే చెప్పింది, రెండున్నర కోట్ల ఐడీలు ఆపినామని కూడా చెప్పింది. ఆ జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ కావాలన్నారు. అయినా తత్కాల్‌లో బాటు కొట్టేసిన సీటులో కూడా చివరికి ఒక మనిషే కూర్చొని ఊరు చేరుతాడు. రాత్రంతా ఆడే ఈ వీడియో ముందర ఆ ఒక్క మనిషి కూడా ఉండడు.

మరి ఆ నాణేనికి రూపాయి ఇచ్చేది ఎవరు? రేపు ఇంకా పెరుగుతుందని నమ్మి బజారులో కొనేవాడు. ఏ తిరుప్పూరులోనో, హోసూరులోనో జీతం డబ్బు పెట్టే మన పిల్లవాడే కావచ్చు. లాభం వస్తే 30 శాతం పన్ను, నష్టం వస్తే అది దేనిలోనూ తగ్గించుకోను లేదు. ఫోనులో ప్రకటనలు చూస్తే డబ్బు వస్తుందన్న ఒక కంపెనీకి మద్దతుగా 2024 జనవరిలో కోయంబత్తూరు దగ్గర వేలమంది చేరినది మనమంతా టీవీలో చూసినాము. అది క్రిప్టో కాదు, కానీ చూడడమే ఉద్యోగం అనే ఆశ అదే.

క్లాసు సంగతికి వద్దాము. మేమంతా తమిళ మీడియంలో చదివి, పెద్దయినాక అక్షరాలు దిద్దుకొన్నవాళ్ళం. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయినాక, మన పిల్లలకు తెలుగు అక్షరం దొరికే చోట్లు ఇంకా తగ్గినాయి. క్లాసుకు వచ్చేది పదకొండు మంది. రేపు ఒక టీచరును ఇవ్వమని ఎవరినైనా అడగాలంటే ఆ పదకొండు మంది హాజరు పట్టీయే మన చేతిలో ఉండే కాగితం. దాని పక్కన నాలుగు వేల దొంగ వ్యూలు పెడితే ఆ పదకొండునూ ఎవరూ నమ్మరు. గుణింతాల పాఠం దగ్గర పిల్లలు ఎక్కడ ఆపి మళ్ళీ చూసినారో టీచరమ్మకు తెలియాలి కదా. ఫోన్లు చూసినవి, పిల్లలు చూసినవి కలిసిపోతే అది ఎట్లా తెలుస్తుంది?

కాబట్టి వీడియోలు తీయండి, మామూలు యూట్యూబులో పెట్టండి. ఫండుకు ఇంటికి నెలకు యాభై రూపాయలు వేసుకొందాము. పాత ఫోన్లు మాత్రం నిజంగానే తీసుకు రండి. క్లాసులో నలుగురు పిల్లల ఇళ్ళలో పాఠం చూడడానికి ఫోను లేదు, వాళ్ళకు ఇద్దాము. చార్జరు కూడా కలిపి ఇవ్వండి, పోయినసారి రెండు ఫోన్లు చార్జరు లేకనే బీరువాలో ఉండిపోయినాయి.