పెరటికి వచ్చిన యతిథి



గడచిన మార్గశిరమాసమున నొకనాటి యుదయమున తిరుపతిలోని మా పెరటియందు కాకులు గుమిగూడి యఱచుచుండెను. పోయి చూడగా, తులసికోట చాటున గోరువంకకంటె చిన్నదగు పిట్ట యొకటి బెదరి కూర్చుండియుండెను. కాకులను తోలి, దానిని గంపక్రింద నుంచి పలుచని వస్త్రము కప్పితిని. బెదరిన పక్షికి చీకటియు నిశ్శబ్దమునే మందు. నోట నీరు పోయరాదు.

ప్రబంధములలో శుకపికములను, హంసచక్రవాకములను చదివినదాననే కాని, మా పెరటి యతిథి పేరు నాకు తెలియదయ్యెను. రెక్కపై నీలిమను చూచి మా చిన్నవాడు లకుముకి యనెను. లకుముకి ముక్కు పొడుగు, దీనిది పొట్టి. పొరుగింటి పిన్నమ్మగారు పాలపిట్ట యనిరి. అది దీనికంటె చాల పెద్దది. కావున గుర్తులను వ్రాసికొంటిని: వీపు ఆకుపచ్చ, రొమ్ము లేత గోధుమవన్నె, కంఠము తెలుపు, కంటిమీదుగా కాటుకపట్టె, తోకక్రింద కుంకుమయెఱుపు, తోక మిక్కిలి కుఱుచ.

అంతలో పూలు తెచ్చిన తమిళ యవ్వ గంప యెత్తి చూచి, "ఆరుమణి కురువి గదా తల్లీ!" అనెను. ఆఱుగంటల పిట్ట యని యర్థము. సూర్యోదయ సూర్యాస్తమయ వేళల రెండు స్వరముల యీల వేయుటచే తమిళులు దాని కా పేరిడిరి. హిందీవారు వన్నెలను చూచి నవరంగ్ అందురు. 1941లో ప్రథమముగా వెలువడిన సాలిం ఆలీగారి భారతపక్షుల గ్రంథముతో పోల్చుకొనగా సందేహము తీఱెను.

ఈ పక్షి హిమాలయ పాదప్రాంతములందును, మధ్యభారతపు టడవులందును గూడు కట్టి పిల్లలను పెంచి, చలికాలమునకు దక్షిణదేశమునకును సింహళమునకును వచ్చును. చెట్లనీడను నేలపై గెంతుచు, ఎండుటాకులను త్రోసి పురుగులను తినును.

పంజరమున పెంచుదమని పిల్లలు పోరిరి. అడవిపక్షులను పట్టి బంధించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. చట్టము మాట యటుంచి, అంత దూరము నమ్మి వచ్చిన యతిథిని చెఱపెట్టుట గృహిణికి తగునా? సాయంకాలము మామిడిచెట్టుక్రింద గంప యెత్తితిని. క్షణము నిలిచి, పొదలలోనికి గెంతిపోయెను.

నాటినుండి ఆ చెట్టుక్రింది యాకులను నేను ఊడ్చుటలేదు. పెరడు శుభ్రము లేదని తొలుత గొణిగిన మా యత్తగారు, ఇప్పుడు దీపము పెట్టు వేళకు ఈల వినబడెనా యని నాకంటె ముందుగా అడుగుచున్నారు. మీరును ఈ చలికాలమున చెట్టుక్రింద నొక మూల యాకులను విడిచి చూడుడు.