ఇరవై సిస్టమ్స్‌కి ఒక్క పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎన్నాళ్లు తిరుగుతారు?

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. దాంతో చాలా ల్యాబుల్లో, చిన్న ఆఫీసుల్లో పాత సిస్టమ్స్‌లో లైనక్స్ వేద్దామనుకుంటున్నారు. ఒకటి రెండైతే పెన్‌డ్రైవ్ ఓకే. ఇరవై ఉంటే మాత్రం పీఎక్స్‌ఈ సర్వర్ పెట్టుకోవడమే బెటర్. ఆన్ చేయగానే సిస్టమ్ ల్యాన్ కేబుల్ ద్వారానే ఇన్‌స్టాలర్‌ని తెచ్చుకుంటుంది. వైఫై మీద ఆశ పెట్టుకోకండి.

కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. లైనక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్, అందులో డీఎన్‌ఎస్‌మాస్క్ చాలు. ఐపీ అడ్రస్‌లు రౌటర్ ఎలాగూ ఇస్తోంది కదా, ఇంకో డీహెచ్‌సీపీ సర్వర్ ఆన్ చేస్తే ఆఫీసు నెట్ మొత్తం గందరగోళమే. ప్రాక్సీ డీహెచ్‌సీపీ మోడ్‌లో పెట్టండి, బూట్ ఫైల్ ఎక్కడుందో మాత్రమే మన సర్వర్ చెబుతుంది. ఆ చిన్న ఫైల్‌కి టీఎఫ్‌టీపీ సరిపోతుంది. గిగాబైట్ల ఇమేజ్ కూడా దాంతోనే పంపితే తెల్లారిపోతుంది, దానికి హెచ్‌టీటీపీ వాడండి.

అసలు భయం వేరే. మెనూలో ఆటోమేటిక్ ఇన్‌స్టాల్‌ని డిఫాల్ట్‌గా పెట్టారనుకోండి. బూట్ ఆర్డర్‌లో నెట్‌వర్క్ మొదట ఉన్న సిస్టమ్‌ని అకౌంట్స్ వాళ్లు రీస్టార్ట్ చేస్తే చాలు, డిస్క్ ఖాళీ. ట్యాలీ డేటాతో సహా! డిఫాల్ట్ ఎప్పుడూ లోకల్ డిస్కే ఉండాలి. ఇన్‌స్టాల్‌కి పాస్‌వర్డ్ పెట్టండి, పని అయ్యాక సర్వర్ ఆపేయండి.