అప్పు చేయకపోవడం కూడా తప్పేనా?

గోపన్‌పల్లి తండా దగ్గర రూముల్లో ఉండి చదువుకుంటున్నం. కిస్తీల మీద ఫోన్ అడిగితే షాపులో పాన్ నంబర్ కొట్టి, "సిబిల్ లేదు, రాదు" అని పంపేశారు. లేదంటే ఏంది? ఎగ్గొట్టినోడికి స్కోరు తక్కువుంటది. అప్పే చేయనోడికి స్కోరే ఉండదు, మైనస్ ఒకటి అని చూపిస్తది. రెండూ ఒకటేనా?

మన నాయినలు పత్తి అమ్మిన రోజే సావుకారికి వడ్డీతో సహా కట్టొస్తరు. ఆ నిజాయితీ ఏ సిబిల్‌లోనూ ఎక్కదు. కార్డు గీకినోళ్లకే అక్కడ చరిత్ర! (మన చరిత్ర ఎప్పుడు ఎవరు రాసిండ్రు గనక.) స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కు ఓటీపీ కావాలి, క్లాసు నోట్సు వాట్సాప్‌లోనే వస్తది. ఫోన్ మనకు షోకు కాదు.

మొదటిసారి అప్పు అడిగేవాళ్లను పాత చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని 2025 జనవరి 6 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల్లోనే ఉంది. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులో ఈ మాటే చెప్పింది. ఆదాయం చాలదంటే అది వేరే సంగతి, ఆ మాటే అననీ. నోటిమాటకు తలూపి రావొద్దు, కారణం రాసిమ్మని అడగండి. ఫైనాన్స్ కంపెనీకి ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకుంటే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు రాద్దాం. ఏడాదికోసారి సిబిల్ రిపోర్టు ఉచితం, ఈ వారమే తీసిపెట్టుకోండి.