ఒక్క ముద్దకి ఏం కాదులే!

"బాబుకి పల్లీలు పడవు" అని తల్లి చెబితే చుట్టాల్లో సగం మంది అది అజీర్తి అనుకుంటారు, మిగతా సగం ఆమె చాదస్తం అనుకుంటారు. "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? ఒక్క ముద్దకి ఏం కాదులే" అంటూ ముద్దుగా నోట్లో పెట్టే పులిహోరే పల్లీ అలర్జీ ఉన్న ఆ బిడ్డకి ఊపిరాడకుండా చేయగలదు. ఇడ్లీ పక్కన చట్నీ, గుత్తివంకాయలో మసాలా, బడి బయట పల్లీపట్టీ... పల్లీ లేని చోటేది మనకి? ప్యాకెట్లో పల్లీ, పాలు, గుడ్డు, సోయా లాంటివి ఉంటే పైన రాసి తీరాలని ఆహార భద్రతా సంస్థ 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. పెళ్లి విస్తరికి మాత్రం లేబుల్ ఉండదు. అక్కడ వడ్డించేవాళ్ల మాటే లేబుల్. పొరపాటు జరిగి ప్రాణం మీదికొస్తే దద్దుర్ల మాత్ర కాపాడలేదు, వెంటనే తొడ కండలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. ఆసుపత్రిలో ఆ మందు చవకే; తల్లి సంచిలో పెట్టుకుని తిరగడానికి వీలైన అడ్రినలిన్ పెన్ను మాత్రం మన మందుల షాపుల్లో దొరకడం గగనం. అందుకే ఆ పెన్ను సులువుగా అందేలా చూడాల్సింది ప్రభుత్వం, లక్షణాలు గుర్తుపట్టడం నేర్చుకోవాల్సింది బడి. మన వంతు అంతకన్నా తేలిక. కొసరి కొసరి తినిపించడమే ప్రేమ అనుకునే జాతి మనది, "ఇందులో ఏమేం వేశారు?" అని ఆ తల్లి పదోసారి అడిగినా విసుక్కోకుండా నిజం చెప్పడం అంతకు మించిన ప్రేమ.