తొమ్మిదిన్నర నవ్వు

నవ్వుకు వేళాపాళా వుంటుందా అని ఎవరైనా అడిగితే మా పుత్తూరు వాళ్ళు తడుముకోకుండా వుందనే చెబుతారు. ద్రౌపదీ ధర్మరాజుల గుడి దగ్గర ఏటేటా భారతం జరిగే వూరు గదా మాది! పగలు హరికథ, రాత్రి వీధినాటకం. నడిరాత్రి దాటేసరికి ఎంతటి భక్తులకైనా కళ్ళు మూతలు పడతాయి. సరిగ్గా ఆ అదను చూసుకుని వస్తాడు హాస్యగాడు. సరిహద్దుకు అవతల, తమిళుల తెరుక్కూత్తులో, వాడికి కట్టియక్కారన్ అని పేరు. రాజుగారు వేంచేస్తున్నారని చాటేదీ వాడే, వేంచేసిన రాజుగారిని వెక్కిరించేదీ వాడే. తోలుబొమ్మలాటలో మాత్రం? అశోకవనంలో సీతమ్మవారు కన్నీళ్ళు పెడుతూండగా కేతిగాడూ బంగారక్కా తెరమీదికి దూకి నానా యాగీ చేస్తారు. లాక్షణికులు దాన్ని రసభంగమంటారేమో గాని, చాపమీద కునికిపాట్లు పడే రైతుకు అదే కాఫీ.

కనుక, పొద్దుపోయాక జనాన్ని నవ్వించే వృత్తిని అమెరికావాళ్ళు కనిపెట్టారంటే నేనొప్పుకోను. వాళ్ళు కనిపెట్టిందల్లా ఒక బల్ల. ఆ బల్ల వెనక సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి. 1962 మొదలు 1992 దాకా ముప్ఫయి సంవత్సరాలు జానీ కార్సన్ అనే ఆయన 'టునైట్ షో'లో ఆ కుర్చీ యేలాడు. ఆయన ఘనత చెప్పిన హాస్యోక్తుల్లో కంటే పేలని హాస్యోక్తుల్లోనే ఎక్కువ వుంది. మాట పేలకపోతే తన్ను తానే యెద్దేవా చేసుకునేవాడు, సభ ఘొల్లుమనేది. ఎదుట కూర్చున్న అతిథి గడసరి అయితే తాను ప్రక్కకు ఒదిగి, మోచేతి మీద ఆనుకుని, హాయిగా నవ్వుతూ వినేవాడు. నవ్వించడానికి జీతం పుచ్చుకునేవాడు నవ్వడం కూడా నేర్చుకోవాలన్నమాట.

మనకు ఆ ఒంటరి బల్ల అంతగా అచ్చిరాలేదు. మన టీవీ నట్టింట్లో వుంటుంది. దాని ముందు అన్నం కంచాలు, హోమ్‌వర్కు పుస్తకాలు, చిక్కుళ్ళు తుంచే చేతులు. ఇందరిని ఒక్కడు నవ్వించలేడు, మేళం కావాలి. 2013 ఫిబ్రవరి 7న ఈటీవీలో ఆ మేళం దిగింది. పేరు 'జబర్దస్త్'. గురువారం రాత్రి తొమ్మిదిన్నర. మరుసటి యేడు శుక్రవారానికి 'ఎక్స్‌ట్రా జబర్దస్త్' అని దానికొక చెల్లెలు పుట్టింది. తీర్పరులుగా నాగబాబూ రోజా, కార్యక్రమం నడపడానికి అనసూయ, తరువాత రష్మి. ఇక్కడ మా వూరికి ఒక విశేషముంది. పుత్తూరు నగరి నియోజకవర్గంలోది. రోజా గారు 2014లోనూ 2019లోనూ ఇక్కడినుంచే శాసనసభకు గెలిచారు. 2022 ఏప్రిల్‌లో మంత్రి అయ్యాక ఆ కుర్చీ వదిలారు, 2024 ఎన్నికల్లో ఓడిపోయారు, అది వేరే కథ. కాని తమ ఎమ్మెల్యే పకపకలు వారం వారం నట్టింట్లో వినే యోగం ఎన్ని వూళ్ళకు పట్టింది చెప్పండి?

హాస్యంలో ఎవరి బాణీ వారిదే. హైపర్ ఆదిది ఎదురుదెబ్బ. ఎదుటివాడి మాట పూర్తి కాకముందే దానికి జవాబు సిద్ధం. అతణ్ణి చూసినప్పుడల్లా నాకు అవధానంలో అప్రస్తుత ప్రసంగం జ్ఞాపకం వస్తుంది. సమస్యా దత్తపదీ నడుమ అవధాని తల వేడెక్కుతూంటే, అప్రస్తుత ప్రసంగి అడ్డం వచ్చి ఏదో కొంటె ప్రశ్న వేస్తాడు, అవధాని వెంటనే చురక అంటించాలి. కాకపోతే అక్కడ దెబ్బ తినేవాడికి తిరిగి కొట్టే హక్కుంది. ఆదిగారి బృందంలో కొందరు తినడానికే వచ్చినట్టు కనబడతారు. చమ్మక్ చంద్ర ఆలుమగల కీచులాటలు, ఆడవేషం కట్టిన మగవాళ్ళు. స్థానం నరసింహారావుగారి సత్యభామను ఆడవాళ్ళు కూడా కన్నార్పకుండా చూశారంటారు. ఇక్కడి ఆడవేషంలో ఆడదనం తక్కువ, వెటకారం ఎక్కువ. గెటప్ శ్రీను వేషం మారిస్తే కన్నతల్లి కూడా పోల్చుకోవాలంటే ఆలోచించాలి. ఆటో రాంప్రసాద్ ప్రాసలు విని మా విద్యార్థులు తరగతిలో నాకే ప్రాసనియమం బోధించబోతారు. వీరందరిలో నాకు సుడిగాలి సుధీర్ మీద ఒక పిసరు అభిమానం. ఇంద్రజాలికుడుగా మొదలుపెట్టిన మనిషి. తోటివాళ్ళంతా ఆ కుర్రవాడి శృంగారలీలల మీద బాణాలు వేస్తూంటే దిక్కులు చూస్తూ నిలబడతాడు. కేతిగాడూ అంతే గదా! బంగారక్క చేతి చీపురుదెబ్బ తినకుండా కేతిగాడి వేషం ఏనాడైనా ముగిసిందా?

ఇక పోటీ సంగతి. 2019 చివర నాగబాబు గారు ఈటీవీ వదిలి, కొందరు నటులతో సహా జీ తెలుగులో 'అదిరింది' పెట్టారు. 2021లో స్టార్ మా 'కామెడీ స్టార్స్'తో బరిలోకి దిగింది. సరిహద్దు వూరు కనుక మాకు అరవ హాస్యమూ అందుబాటే. విజయ్ టీవీ వాళ్ళు 'కలక్కప్పోవదు యారు' అని 2005లోనే ఇలాంటి గోదా తెరిచారు. అందులో గెలిచిన శివకార్తికేయన్ ఇప్పుడు పెద్ద కథానాయకుడు.

ఈ పందెంలో ఎవరు నెగ్గారో చెప్పేది ప్రేక్షకుడు కాదు, మీటరు. దేశంలో టీవీ వున్న ఇళ్ళు 2020 నాటి అంచనా ప్రకారం 21 కోట్లు. బార్క్ అనే సంస్థ మీటర్లు అమర్చింది 50 వేల పైచిలుకు ఇళ్ళలో. ఏ ఇళ్ళో రహస్యం. ప్రతి ఛానెల్ ధ్వనిలోనూ చెవికి వినబడని గుర్తు ఒకటి కలిపివుంటుంది, మీటరు దాన్ని పసిగడుతుంది. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కొక్క మీట. టీవీ ముందుకు వస్తే నొక్కాలి, లేచి వెళ్ళేటప్పుడూ నొక్కాలి. గురువారం నాడు లెక్కలు బయటికి వస్తాయి. ఆ లెక్కను బట్టే వ్యాపార ప్రకటనల ధర. అందుకే ఒక వారం పండిన ఆడవేషం వచ్చేవారం మళ్ళీ వస్తుంది, పై వారం ఇద్దరై వస్తారు.

ఇక్కడే నాకొక మనిషిని గురించి చెప్పాలనిపిస్తున్నది. మా ప్రక్క వాటాలో ఒక అవ్వ వుంది. హాస్యమంటే ప్రాణం. ఆమె మనుమడు తొమ్మిదో తరగతి. బుద్ధిమంతుడు, కాస్త నత్తి. ఒకనాటి రాత్రి అందరం కూర్చుని ఏదో కార్యక్రమం చూస్తున్నాం. ఏ ఛానెలని అడక్కండి, చెప్పను. పెళ్ళిచూపుల ఘట్టం, పెళ్ళికొడుక్కి నత్తి. వాడు పేరు చెప్పలేక గింజుకుంటూంటే ఒకడు వీపు చరిచాడు, ఇంకొకడు గడియారం చూశాడు, కార్యక్రమం నడిపే అమ్మాయి నవ్వలేక కుర్చీ పట్టుకున్నది. అవ్వ చటుక్కున లేచి, "దోసెలకు బియ్యం నానేసేది మర్సేపోతిని గదమ్మా!" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మనుమడు మాత్రం కదల్లేదు. మా అందరికన్నా గట్టిగా, ఆగకుండా నవ్వాడు. అది ముగిసి ప్రకటనలు వచ్చాక కూడా నవ్వుతూనే వున్నాడు. మరునాడు అవ్వ పెరట్లో కనబడితే ఆ మాటే అన్నాను. "బియ్యం మద్దేనమే నానేసింటి సామీ," అన్నది.

ఆ ఇంట్లో మీటరు వుండివుంటే ఏమని రాసుకునేది? అవ్వ లేచిపోయింది, పిల్లవాడు చివరిదాకా చూశాడు, అని. పద్నాలుగేళ్ళ కుర్రవాడు చూస్తున్నాడంటే ప్రకటనలిచ్చే వాళ్ళకు పండగే. ఆ మర్నాడు వాడు బడిలో నోరు విప్పాడో లేదో ఏ మీట చెబుతుంది? అలాగని జోకులన్నీ జల్లెడ పట్టి అమ్మమని నేననను; నవ్వు కొంచెం తుంటరిగానే వుండాలి. నత్తిమీద కూడా హాస్యం పుట్టించవచ్చు; ఆ పెళ్ళికొడుకు చేతే ఒక్క ఎదురుమాట అనిపించివుంటే మనుమడు ఏం చేసేవాడా అని ఆలోచిస్తూంటాను. లేదా ఆ కుర్చీ పట్టుకున్న అమ్మాయి నవ్వు ఆపి, "ఆగండి, ఆయన్ని చెప్పనివ్వండి," అనివుంటే? ఘట్టం చెడేది కాదు, మలుపు తిరిగేది. వ్యాఖ్యాతకు జీతం ఆ ఒక్క క్షణానికే అని నా లెక్క.

పోనీ, మార్కులైనా అన్నం పెడతాయా అంటే అదీ నమ్మకం లేదు. అమెరికాలో స్టీఫెన్ కోల్బేర్ కార్యక్రమం ఆ వేళలో అందరికన్నా ముందున్నా, 2026 మేతో దాన్ని ముగిస్తున్నామని సీబీఎస్ వారు 2025 జూలైలో చాటారు. ఖర్చు కిట్టలేదని కంపెనీ, రాజకీయమని గిట్టనివాళ్ళు. 'అదిరింది' కూడా ఎంతో కాలం అదరలేదు.

జబర్దస్త్ తొలినాళ్ళ బృంద నాయకుల్లో వేణు అని ఒకడుండేవాడు. ఎన్ని వారాలు ఎన్ని మార్కులు తెచ్చుకున్నాడో ఇప్పుడెవరికీ జ్ఞాపకం లేదు. అతడే 2023లో, వేణు యెల్దండి పేరుతో, 'బలగం' అనే సినిమాకు దర్శకత్వం వహించాడు. తెలంగాణ పల్లెలో ఒక ముసలాయన చనిపోతాడు, పిండాన్ని కాకి ముట్టదు, అంతే కథ. చావింట్లో అంత నవ్వుందని, ఆ నవ్వులో అంత దుఃఖముందని తెలిసిన మనిషి తీసిన బొమ్మ అది. ఎన్నో పల్లెల్లో తెర కట్టి వూరంతటికీ వేశారు. చీకటి పడ్డాక చాపలు పరుచుకుని, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని జనం చూశారు. మాటలు మానుకున్న అన్నదమ్ములు కొందరు అది చూసి మళ్ళీ ఒకరింటికొకరు వెళ్ళారని పత్రికల్లో వచ్చింది. మా అవ్వకు మనుమడు దాన్ని ఫోనులో పెట్టి చూపించాడు. ఆ యాస అంతగా పట్టుబడలేదట, అక్కడక్కడ వాడే ఆపి ఆపి, తన మాటల్లో, తీరుబాటుగా చెప్పాడట.