కారు తాగే బియ్యం, గంపలు మోసే బస్సు

జల్‌పల్లిలో పాలకూర, పుంటికూర కట్టలు దించే వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, ఒక కారు తీసుకోరాదు, ఇంటింటికీ పోయి ఇయ్యొచ్చు కదా?" నేను వద్దనే అంటాను. ఎందుకో చెప్తా.

ముందు పెట్రోలు సంగతి చూద్దాం. ఇప్పుడు బంకులో పోసేది ఇ20, అంటే నూటికి 20 పాళ్లు ఇథనాల్. దాన్ని చెరకు నుంచే కాదు, బియ్యం, మక్కల నుంచి కూడా తీస్తున్నారు. టన్ను బియ్యానికి సుమారు 450 లీటర్లు వస్తుంది. 35 లీటర్ల ట్యాంకు నింపితే 7 లీటర్లు ఇథనాలే. అదంతా బియ్యంతో చేసిందే అనుకుంటే 15 కిలోల పైమాటే. రేషన్ కార్డు మీద మనిషికి నెలకు ఇచ్చేది 6 కిలోలు. అంటే ఒక్క ట్యాంకులో ఇద్దరి నెల బియ్యం పోయి ఇంకా మిగులుతుందన్నమాట!

మక్కలకు గిరాకీ పెరుగుతుంది కదా అంటారు. ధర వస్తే సంతోషమే. కానీ దానికోసం ఊరంతా ఒకే పంట, మళ్లీ యూరియా బస్తాలు. మనం కష్టపడి వదిలొచ్చిన దారే కదా అది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కారు, గుర్తుందా?

ఇక కరెంటు కారు. రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారు. పొగ తగ్గుతుంది, కాదనను. కానీ బ్యాటరీ పెట్టినంత మాత్రాన కారు పట్టే జాగా తగ్గదు. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు, ఆ తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఈ చుట్టుపక్కల పొలాలు ఏమైనయో మీకు తెలుసు. కారు ఉంటే దూరమైనా పర్వాలేదు అన్న లెక్క మీదనే వెంచర్లు లేచాయి. పోయింది సాగుభూమే.

పాతబస్తీ మెట్రోకు 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. అది చాంద్రాయణగుట్ట దాకా వచ్చినా జల్‌పల్లి మనిషికి షేర్ ఆటోనో బస్సో తప్పదు. గంప ఉన్న రైతుకైతే బస్సే దిక్కు.

1999లో రైతు బజార్లు పెట్టినప్పుడు కూరగాయలు తెచ్చే రైతుల కోసం ఆర్టీసీ బస్సులు ప్రత్యేకంగా నడిపారు. అప్పట్లో బస్సు మీద క్యారియర్, వెనక నిచ్చెన ఉండేవి. ఇప్పుడు అవి లేవు. 2020 నుంచి కార్గో సర్వీసు ఉంది గానీ ఆకుకూర పార్శిల్ సరుకు కాదు, తెల్లారేసరికి చేరాలి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి మన అక్కలు, చెల్లెళ్లు పట్నం దాకా ఖర్చు లేకుండా వస్తున్నారు. మరి గంప ఎక్కడ పెట్టాలి? శ్రీశైలం రోడ్డులో తెల్లవారుజామున వచ్చే రెండు ట్రిప్పుల్లో వెనక నాలుగు సీట్లు తీసేస్తే చాలు.

కస్టమర్లకూ ఒక మాట. రెండు కిలోల టమాటా కోసం పట్నం ఆ చివరి నుంచి కారేసుకొని రావొద్దు. విషం లేని కూర కొనడానికి అంత పొగ ఎందుకు? పది ఇళ్లు కలవండి, వారానికి రెండుసార్లు ఒకే ట్రాలీ ఆటోలో పంపిస్తాం. కిరాయి పది ఇళ్లకు పంచితే ఎవరికీ బరువు కాదు.

కందుకూరు, కడ్తాల్ వైపు రైతులు మీ ఊరికి తొలి బస్సు ఎన్నింటికి వస్తుందో, మీకు ఎన్ని గంపలు ఉంటాయో రాసి పంపండి. అన్నీ కలిపి డిపో మేనేజరుకు ఒకే అర్జీ పెడదాం.