వాన వెంట విరేచనాలు - గొట్టంలోనే గుట్టు

తొలకరి పడిందంటే జిల్లాలో ఏదో ఒక మూల నుంచి వాంతులు, విరేచనాల వార్త రావడం ఏటా మామూలైపోయింది. బడిలో మంచాలు వేస్తారు. సెలైన్ సీసాలు వేలాడతాయి. కాల్వల పక్కన బ్లీచింగ్ చల్లుతారు. ట్యాంకర్లు వస్తాయి. పది రోజులకు శిబిరం ఎత్తేస్తారు, ఊరు మళ్ళీ అదే కుళాయి దగ్గర బిందెలు పెడుతుంది. 'నీరు మారింది', 'గాలి మారింది' అనే మాటతో సంగతి ముగిసిపోతుంది.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో ఇలా ముగించడానికి వీలు లేకపోయింది. రోజుల వ్యవధిలో వందల మంది మంచాన పడ్డారు. ప్రాణాలూ పోయాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అక్టోబరు 21న గ్రామానికి వచ్చారు. సీనియర్ ఐఏఎస్ అధికారి విజయానంద్‌ను ప్రభుత్వం విచారణకు నియమించింది. చంపావతి ఒడ్డును బహిర్భూమిగా వాడటం, కుళాయి నీరు కలుషితం కావడం రెండూ అప్పట్లో చర్చకు వచ్చాయి.

ఎక్కువ చర్చ మాత్రం మృతుల లెక్క మీదే నడిచింది. అతిసారంతో పోయింది ఎందరు, ఇతర జబ్బులతో పోయింది ఎందరు అన్నదానిపై అధికారుల లెక్క ఒకటి, ప్రతిపక్షం లెక్క మరొకటి. వైద్యం తెలిసిన వారికి ఈ తగువు వింతగానే ఉంటుంది. విరేచనాలతో ఒంట్లోని నీరు, ఉప్పు పోతాయి. గట్టి మనిషి తట్టుకుంటాడు. అప్పటికే గుండె జబ్బో, మూత్రపిండాల జబ్బో ఉన్న ముసలివారు తట్టుకోలేరు. ఆ మరణాన్ని 'గుండె జబ్బు' పద్దులో రాస్తే కాగితం మీద తప్పు కనిపించదు. కాని ఆ పూట ఆ మనిషిని తీసుకుపోయింది విరేచనమే.

జబ్బు ఊళ్ళోకి ఎలా వస్తుంది? అంటువ్యాధి ఏదైనా మూడు ఉండాలి. క్రిమి ఉన్న చోటు ఒకటి, అది ప్రయాణించే దారి ఒకటి, దాన్ని తట్టుకోలేని మనిషి ఒకరు. క్షయ, తట్టు దగ్గుతో, తుమ్ముతో గాలి దారిన వస్తాయి. మలేరియా, డెంగ్యూలకు దోమ కావాలి. కలరా, టైఫాయిడ్, ఒక రకం పచ్చకామెర్లు మలం నుంచి నోటికి వచ్చే జబ్బులు. వినడానికి రోతగా ఉన్నా మాట ఇదే. ఒకరి మలంలోని క్రిమి మరొకరి నోట్లోకి వెళ్ళనిదే ఈ జబ్బులు రావు. వాన చేసేదల్లా ఆ రెంటినీ కలపడం.

క్రిమి ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టడం తేలిక కాదు. కలరా క్రిమి కడుపులో చేరిన వారిలో ఎక్కువ మందికి జబ్బు లక్షణాలే ఉండవు, ఉన్నా స్వల్పంగా ఉంటాయి. కాని ఒకటి నుంచి పది రోజుల వరకు వారి మలంలో క్రిములు బయటికి వస్తూనే ఉంటాయి. పండగకు చుట్టం వచ్చి వెళ్ళాడు, కూలికి పోయినవాడు తిరిగొచ్చాడు; అతనికి ఏ జబ్బూ లేదు. అతని నుంచే మొదలు కావచ్చు. కాబట్టి 'ఎవరు తెచ్చారు' అని వాడవాడా వెదకడం వల్ల ఒరిగేది లేదు, తగాదాలు తప్ప. వెదకవలసింది దారిని.

మన గ్రామాల్లో ఆ దారి ఎక్కువగా కుళాయి గొట్టమే. పైపులో నీరు ఒత్తిడితో పారుతున్నంతసేపు చిల్లు ఉన్నా నీరు బయటికే చిమ్ముతుంది, మురికి లోపలికి రాదు. రోజంతా నీరు ఉండే ఊళ్ళో చిన్న లీకేజీతో నీరు వృథా అవుతుందే తప్ప జబ్బు రావడం అరుదు. కాని మన దగ్గర నీరు వచ్చేది పూటకో గంట. మోటారు కట్టగానే, లేదా కరెంటు పోగానే, గొట్టంలోని నీరు పల్లానికి దిగిపోతుంది. మెరక వైపు గొట్టంలో ఖాళీ ఏర్పడుతుంది. నోటితో పీల్చినట్టు ఆ ఖాళీ బయటి నీటిని లోపలికి లాగుతుంది. చిల్లు ఉన్నచోట బయట ఉన్నది తడి మట్టి అయితే ఒక మాట. మురుగు కాల్వ అయితే లోపలికి వెళ్ళేది మురుగే. మర్నాడు పొద్దున్న మోటారు వేయగానే అదంతా బిందెల్లోకి వస్తుంది.

ఊళ్ళో నాలుగడుగులు నడిస్తే ఇలాంటి చోట్లు కంటికే కనిపిస్తాయి. ఇంటికి వెళ్ళే ప్లాస్టిక్ గొట్టం కాల్వను అడ్డంగా దాటి, సగం మురుగులో మునిగి ఉంటుంది. గేట్ వాల్వు గుంటకు మూత ఉండదు, వాన పడితే నిండిపోతుంది. ఒత్తిడి చాలక కొందరు నేలలో గొయ్యి తవ్వి గొట్టాన్ని కిందికి దింపి బిందె పెడతారు. ఆ గోతిలో కడుగునీళ్ళు నిలుస్తాయి, నీరు ఆగగానే అవి వెనక్కి గొట్టంలోకే పోతాయి. ఇక కుళాయికి నేరుగా చిన్న మోటారు బిగించేవారి సంగతి చెప్పనక్కర లేదు. తమ ఇంటికి నాలుగు బిందెలు ఎక్కువ వస్తాయని చూసుకుంటారు గాని, ఆ మోటారు పీల్చే పీల్పుకు వీధి పొడుగునా ఉన్న చిల్లులన్నీ నోరు తెరుస్తాయని ఎవరూ చెప్పరు.

నీరు గొట్టంలోంచి రాని చోటా ఇదే కథ. 1854లో లండన్ నగరంలో బ్రాడ్ స్ట్రీట్ అనే వీధిలో కలరా వచ్చి ఆరు వందల మందికి పైగా చనిపోయారు. చెడుగాలి వల్లే కలరా వస్తుందని డాక్టర్లే నమ్మే కాలమది. జాన్ స్నో అనే డాక్టరు ఇంటింటికీ తిరిగి, ఎవరు ఎక్కడి నీరు తాగారో రాసుకున్నాడు. చావులన్నీ ఒక చేతిపంపు చుట్టూ తేలాయి. పక్కనే ఉన్న సారా బట్టీ లాంటి బీరు తయారీ చోట పనివారికి ఏమీ కాలేదు, వారు ఆ పంపు నీరు ముట్టేవారు కారు. సెప్టెంబరు 8న పంపు పిడి తీయించారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టిన మాటా నిజమే. తర్వాత తవ్వి చూస్తే, జబ్బుపడిన ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ళు పోసిన గొయ్యి ఆ బావికి మూడడుగుల దూరంలోనే ఉందని తేలింది. బావి గోడలోంచి నీరు ఊరింది.

స్నో చేసిన పని ఇవాళ ఏ పంచాయతీ అయినా ఒక్క పూటలో చేయవచ్చు. జబ్బు పడిన ఇళ్ళ జాబితా తీసుకుని, ఏ ఇంటి కుళాయి ఏ లైను మీద ఉందో చూస్తే చాలు. ఒకే లైను మీది ఇళ్ళు ఒకేసారి పడిపోతే తప్పు ఆ లైనులో ఉంది. ఒకే పెళ్ళిలో తిన్నవారే పడితే అది భోజనం. ఒక ఇంట్లో ముందు ఒకరు, రెండు మూడు రోజులకు మరొకరు పడితే చేతులు కడగకపోవడం, జబ్బుమనిషి బట్టలు గెడ్డలో ఉతకడం వంటివి చూడాలి.

రోజుల లెక్క కూడా తెలిసి ఉండాలి. కలరా క్రిమి కడుపులో పడిన కొన్ని గంటల నుంచి ఐదు రోజుల లోపు బయటపడుతుంది. టైఫాయిడ్‌కు సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. నీటితో వచ్చే పచ్చకామెర్లకు నెల వరకూ పట్టవచ్చు. అంటే ఈ రోజు కళ్ళు పచ్చబడిన పిల్లవాడు తాగిన పాడునీరు పోయిన నెలది. ఇవాళ కుళాయి నీరు సీసాలో పట్టి పరీక్ష చేయించి 'నీరు బాగానే ఉంది' అని నివేదిక తెస్తే, ఆ నివేదిక ఇవాళ్టి నీటికే వర్తిస్తుంది.

దారి మూయడానికి ఉన్న చవక మందు బ్లీచింగ్ పౌడర్. మంచి సరుకైతే తేటనీరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు, నలభై వేల లీటర్ల ట్యాంకుకు వంద గ్రాములు. నీరు బురదగా ఉంటే ఎక్కువ పడుతుంది. కలిపాక కనీసం అరగంట ఆగి నీరు వదలాలి. మూతి విప్పి వదిలేసిన బస్తాలోని పొడిలో కొద్ది వారాలకే బలం తగ్గిపోతుంది, తెల్లగా కనిపిస్తుంది గాని పని చేయదు. కాల్వ గట్టున ముగ్గులా చల్లే పొడి చూడటానికి బాగుంటుంది. దానివల్ల గొట్టంలోని క్రిమి చావదు.

పరీక్ష ఎక్కడ చేస్తున్నారన్నది అసలు ప్రశ్న. ట్యాంకు దగ్గర క్లోరిన్ సరిపోయినా, దారిలో మురుగు కలిస్తే అక్కడే ఖర్చయిపోతుంది. లైను చివరి ఇంటి కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చుక్కల మందు వేస్తే నీరు పసుపు రంగు తేలాలి. తేలలేదంటే నడుమ ఎక్కడో చిల్లు ఉందని అనుమానించాలి. జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పి పెట్టె ఇవ్వాలని నిబంధన. ఆ పెట్టె ఎన్ని ఊళ్ళలో తెరుచుకుంటోందో సచివాలయాల్లో అడిగితే తెలుస్తుంది. టీ రుచి పోతోందని బ్లీచింగ్ తగ్గించమని నీళ్ళు వదిలే మనిషి మీద ఒత్తిడి తెచ్చే ఊళ్ళూ లేకపోలేదు.

జబ్బు వచ్చాక ప్రాణం నిలిపే ఉపాయం ఇంట్లోనే ఉంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శిబిరంలో కలరాతో రాలిపోతుంటే సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహాలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. పేగు కారుతున్నా ఉప్పు, చక్కెర కలిసి వస్తే నీటిని పీల్చుకునే శక్తి దానికి ఉంటుంది. ఓఆర్ఎస్ పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తల కొట్టి కొలిచి కలిపితే అదే మందు. విరేచనాలవుతున్నాయని నీళ్ళు, తల్లిపాలు మానిపించే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. కళ్ళు గుంటలు పడినా, మూత్రం ఆగినా, మనిషి మగతగా ఉన్నా ఇంట్లో ఉంచకుండా ఆసుపత్రికి తీసుకుపోవలసిందే.

డబ్బు లేదన్న జవాబు పంచాయతీల్లో తరచు వినిపిస్తుంది. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలని షరతు పెట్టింది. గొట్టాన్ని కాల్వలోంచి పైకి లేపి ఇనుప గొట్టం తొడగడానికి, వాల్వు గుంటకు మూత వేయడానికి లక్షలు అక్కర లేదు. ఆ 60 శాతంలో ఎంత కొత్త పనులకు పోయింది, ఎంత కరెంటు బిల్లులకు పోయింది, లీకేజీలకు ఎంత మిగిలింది అన్న పద్దు పంచాయతీ పుస్తకంలో ఉంటుంది. గ్రామసభలో అడిగిన వారికి చూపించాలి.